ఆమెన్ దాకా దగ్గకూడదు

ప్రార్థనలో కళ్ళు తెరిచారు కదా మీరు. ఏం చూశారో చెప్పండి.

తెరవలేదని బొంకకండి. గుళ్ళోనో, చర్చిలోనో, బడిలో పొద్దున్నే వరుసలో నిలబడినప్పుడో, అందరూ కళ్ళు మూసుకున్న వేళ మీరు ఒక కన్ను కొంచెం తెరిచే ఉంటారు. చూసింది ఏముంటుంది? ముందు కూర్చున్నామె జడలో వాడిన కనకాంబరాలు. పక్కవాడి మెడ మీద దోమ. మీలాగే కన్ను తెరిచిన ఇంకొకడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గబుక్కున మూసుకుని ఉంటారు. అంతే కదా. యాభై ఏళ్ళు పైబడేదాకా నేనూ అంతే చూశాను. అంతకు మించి చూడ్డానికి ఏమీ ఉండదనుకున్నాను.

నా పేరు సువార్తమ్మ. మాది ప్రత్తిపాడు దగ్గర చిన్న పల్లె. మిరపకాయలు కోసి బతికినదాన్ని. కోతల కాలంలో సాయంత్రానికి వేళ్ళు భగభగ మండేవి. అన్నం కలుపుకోలేక గరిటెతో తినేవాళ్ళం. కూలి పెంచమని ఆడవాళ్ళందరినీ పోగేసి చేలగట్ల మీద కూర్చోబెట్టినందుకు ఒక రాత్రంతా పోలీసు స్టేషన్లో ఉంచారు. అక్కడి ఎస్సై "నోరు మూసుకుని కూర్చో" అంటే "ఎందుకు?" అన్నాను. ఎవరేం చెయ్యమన్నా ఎందుకని అడగడం నా జబ్బు. ఆ జబ్బు వల్లే మాకు కూలి పెరిగింది. ఆ జబ్బు వల్లే ఇప్పుడు చెప్పబోయేదీ జరిగింది.

నా కూతురు పురిట్లోనే పోయింది. అల్లుడు చీమకుర్తి క్వారీల్లో పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. మనవరాలు రెబ్కాను నేనే పెంచాను. దాని చేతికి మిరప మంట తెలియకూడదని ఒకటే పట్టు నాది. మాకు కాస్త దూరంలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగు స్కూలు ఒకటి ఉంది. దాని పేరు చెప్పను. కాళ్ళరిగేలా తిరిగి, పాస్టరు అయ్యగారి చేత చెప్పించి, ఆరో తరగతిలో దానికి సీటు సంపాదించాను. పదో తరగతి దాకా తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళవే. ఆ సీటు పోతే దానికి మిగిలేది మిరపచేలో నా పక్క సాలు.

ఆ బడి చుట్టూ మిరప కల్లాలే. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలు. గాలి ఇటు తిరిగిందంటే ఆ ఘాటు గదుల్లోకి కొడుతుంది. మా వైపు వాళ్ళకు దగ్గు కూడా మాటల్లో కలిసిపోయి ఉంటుంది. మాట మధ్యలో దగ్గుతాం, దగ్గు మధ్యలో మాట్లాడతాం.

బడిలో నియమాలు బోలెడు. రెండు జడలు, నీలం రిబ్బన్లు. గాజులు వద్దు, పూలు వద్దు. భోజనం దగ్గర మాట్లాడకూడదు. ఇవన్నీ హాలు గోడ మీద నీలం రంగుతో రాసి ఉండేవి. సాయంత్రం ప్రార్థన నియమాలు మాత్రం ఎక్కడా రాసి లేవు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నోటితో చెప్పేవాళ్ళు. కళ్ళు తెరవకూడదు. ఆమెన్ దాకా దగ్గకూడదు.

దగ్గకూడదనడానికి కారణం ఉంది. ఒక పిల్ల దగ్గితే పక్క పిల్లకు అంటుకుంటుంది, అలా హాలంతా దగ్గే. ప్రార్థన చేసే ఆవిడ మాట ఆవిడకే వినపడదు. అందుకని పిల్లలు ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని దగ్గు మింగుతారు. ఆమెన్ అనగానే అందరూ ఒక్కసారి దగ్గుతారు. కల్లాల్లో కాయలు ఏరే వాళ్ళం ఆ దగ్గు విని, "బోర్డింగులో ఆమెన్ అయింది, పదండి ఇళ్ళకు పోదాం" అనుకునేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం.

అది తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. శ్రమదినాలు నడుస్తున్నాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ ప్రార్థన మామూలు కంటే ఎక్కువసేపు చేస్తారు. బోర్డింగు వాచ్‌మన్ ఏసోబు సైకిలేసుకుని నేను కోత కోస్తున్న చేలోకే వచ్చాడు.

"అక్కా, హెడ్మిస్ట్రెస్ అమ్మగారు రమ్మంటున్నారు. పెట్టె మోయడానికి ఎవరినైనా తోడు తెచ్చుకో."

"ఎవరి పెట్టె?"

"రెబ్కాది. ఇంటికి పంపించేస్తున్నారు."

"ఏం చేసిందట?"

ఏసోబు సైకిలు బెల్లును బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయాడు. "ప్రార్థనలో కళ్ళు తెరిచిందంట."

చేలో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "అంత పాపానికి ఇంటికి పంపితే ఏం సరిపోద్ది, రాజమండ్రి జైలుకు పంపమనండి" అంది ఒకామె. నాకు నవ్వు రాలేదు. కోసిన కాయలు సాల్లోనే దింపేసి, చేతులైనా కడుక్కోకుండా బయల్దేరాను.

హెడ్మిస్ట్రెస్ పేరు క్రిస్టీనా గారు. సన్నగా, తెల్ల చీరలో, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. ఆ బోర్డింగులోనే చదువుకుని, అక్కడే టీచరై, అక్కడే పెద్దావిడ అయ్యారు. నేను వందనాలు చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"టీసీ సిద్ధంగా ఉంది సువార్తమ్మ గారూ. పిల్లను తీసుకెళ్ళండి."

"గోడ దూకిందా? దొంగతనం చేసిందా?"

"లేదు. మంచి పిల్ల."

"మరి?"

"కళ్ళు తెరిచింది."

"అది తెరిచినట్టు మీకెలా తెలిసిందమ్మా? మీరూ తెరిచారా?"

వరండాలో ఏసోబు నవ్వాపుకోలేక గొంతు సవరించుకున్నాడు. క్రిస్టీనా గారి ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఆరో తరగతి నుంచి ఆ హాల్లో ప్రార్థన చేస్తున్నాను. ఒక్కసారి కూడా నేను కళ్ళు తెరవలేదు. పిల్లే వచ్చి చెప్పింది. ఎవరో దగ్గితే తిరిగి చూశానని చెప్పింది."

"అయితే దగ్గిన పిల్లను పంపించండి. చూసిన పిల్లనెందుకు పంపడం?"

ఆమె నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. నన్ను చూస్తున్నట్టు కూడా లేదు. నా వెనక తలుపు మూసి ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఉంది.

"పొద్దు గూకక ముందే వెళ్ళిపోండి. ఈ పూట ప్రార్థన వేళకు ఆ పిల్ల ఇక్కడ ఉండకూడదు."

"ఎందుకు?"

ఆమె టీసీ కాగితాన్ని నా వైపు జరిపారు.

రెబ్కా వరండా చివర తన రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది గానీ ఎదురు రాలేదు. పక్కన కూర్చుని దాని తల నిమిరాను.

"ఏం చూశావే?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నేను ఎవరినా?"

నా చెవి దగ్గరికి జరిగింది. "చివరి వరుసలో గోడ పక్కన నేను కూర్చుంటాను కదా అమ్మమ్మా. నాకు ఇటు పక్క శాంత ఉంటుంది. అటు పక్క గోడే. నిన్న ప్రార్థనలో అటు పక్క దగ్గారు."

"గోడకు అవతల కల్లంలో ఎవరో దగ్గి ఉంటారు."

"కాదు. నా చెవి పక్కనే. చిన్నగా... పొలమారినట్టు. పాపం అనిపించింది. అందుకని చూశాను."

"ఎవరున్నారు?"

"నా అంతే ఉంది. ఓణీ నోట్లో కుక్కుకుంది. మేం కుక్కుకున్నట్టు కాదు అమ్మమ్మా, ఓణీ అంతా... ఇక కుక్కడానికి మిగల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. నేను చూస్తున్నట్టు తెలిసిందేమో..."

"ఊఁ?"

"తెరిచింది."

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అది మళ్ళీ అందుకుంది. "అప్పుడే ఆమెన్ అన్నారు. అందరం దగ్గాం. అది మాత్రం దగ్గలేదు."

ఘాటుకు కళ్ళు మసకలేస్తాయి. ఆకలి మీద పిల్లలకు ఏవేవో కనపడతాయి. అలాగే చెప్పాను దానికి. చెప్పి, మళ్ళీ క్రిస్టీనా గారి గదికి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. అడ్డంగా కూర్చోవడం నాకు బాగా తెలిసిన పని.

"ఈ పూట ప్రార్థనకు నేను దాని పక్కన కూర్చుంటాను. అక్కడ ఏమీ లేదని తేలితే ఆ టీసీ మీ చేత్తోనే చింపెయ్యాలి. కాదంటే నన్ను దాటుకుని మీరెలా బయటికి పోతారో పోండి."

"మొండితనం చెయ్యకండి."

"నా మనవరాలు మిరపకాయలు కొయ్యదమ్మా. నేను బతికుండగా కొయ్యదు."

ప్రార్థన గంట కొట్టారు. ఆమె లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. తర్వాత వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పారు.

"గోడకూ పిల్లకూ మధ్య మీరు కూర్చోండి. కళ్ళు మూసుకోండి. ఎవరు దగ్గినా తిరక్కండి. పలకరించకండి."

"ఎందుకు?"

"ఈ ఒక్కసారి అడక్కండి."

హాల్లోకి వెళుతుంటే ఏసోబు నా పక్కకు వచ్చి నడిచాడు. మధ్యాహ్నం నవ్వినవాడు ఇప్పుడు నవ్వడం లేదు.

"అక్కా, ఈ వేళకు కరెంటు పోద్ది. నేను లాంతరు తెస్తాను. ఆమెన్ అయ్యాకే తెస్తాను. మధ్యలో పిలవబాక. పిలిచినా నేను రాను."

హాలు పొడుగ్గా ఉంటుంది. పైన రేకులు, కింద చాపలు. పిల్లలు వరసగా మఠం వేసుకుని కూర్చున్నారు. రెబ్కాను నాకు కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాకు ఎడమ పక్క ఇక గోడే. క్రిస్మస్‌కు పిడుగురాళ్ళ సున్నం కొట్టిన తెల్లటి గోడ. ఆ తెలుపు మీద ఒకచోట గుండ్రంగా నూనె మరక ఉంది. రోజూ తల ఆనిస్తే పడుతుందే, ఆ జిడ్డు మరక. కూర్చున్న పిల్ల తలంత ఎత్తులో ఉంది.

"నువ్వేనా ఇక్కడ తల ఆనించేది?" అన్నాను.

"నేను ఆనించను అమ్మమ్మా. అది ఎప్పుడూ ఉంటుంది. సున్నం కొట్టినా మళ్ళీ వస్తుందంట."

అప్పుడే "కళ్ళు మూసుకుందాం" అన్నారు క్రిస్టీనా గారు ముందు నుంచి. మూసుకున్నాను.

ప్రార్థన మొదలైంది. ఆమె గొంతు సన్నగా, ఎత్తూ పల్లమూ లేకుండా సాగుతోంది. రోగుల కోసం, రైతుల కోసం, వానల కోసం... కాసేపటికి ఫ్యాన్లు ఆగాయి. రెప్పల మీద ఉన్న వెలుతురు పోయింది. కరెంటు పోయింది. ఎవరూ కదల్లేదు. ఫ్యాన్ల మోత ఆగాక బయటి చప్పుళ్ళు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. కల్లం మీద పట్టాలు గాలికి టపటపమంటున్నాయి. దూరంగా ఎక్కడో మోటారు ఆగిపోయింది. ఇన్ని కొబ్బరినూనె తలల వాసన, మాసిన చాపల వాసన, సున్నం వాసన.

గాలి తిరిగింది. కల్లంలో ఎవరో పనికిరాని తాలుకాయలు పోగేసి తగలబెట్టినట్టున్నారు. ఆ పొగ రేకుల సందుల్లోంచి దిగింది. నా గొంతులోకి సూదుల్లాగా దిగింది. హాలంతా ఒకటే చప్పుడు మొదలైంది. గుటకలు. చీకట్లో, నూరుమంది పిల్లలు గుటకలు మింగే చప్పుడు మీరు ఎన్నడూ విని ఉండరు. మడుగులో కప్పలు మునుగుతున్నట్టు ఉంటుంది. గుటక... గుటక... గుటక. ఒక్కరు కూడా దగ్గలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇదేం భక్తి, పిల్లల్ని దగ్గనివ్వని భక్తి అనుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా నేనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది నాకు ఇప్పటికీ సిగ్గే. ఎస్సైకి లొంగనిదాన్ని, చీకట్లో ఆ గుటకల మధ్య లొంగిపోయాను.

అప్పుడు దగ్గు వినపడింది.

చిన్న దగ్గు. గొంతులోనే ఆగిపోయిన దగ్గు. బట్ట అడ్డం ఉన్నట్టు... నా భుజం పక్కనే.

తిరగొద్దన్నారు. తిరగలేదు. కళ్ళు తెరవొద్దన్నారు. తెరవలేదు.

మళ్ళీ దగ్గింది. ఈసారి ఊపిరి అందక ఎగబీల్చింది. పసిపిల్ల ఎగబీల్పు. పొలమారింది పాపం.

పిల్లకు పొలమారితే మీరేం చేస్తారు? ఆలోచిస్తారా? మీ అమ్మ ఆలోచించిందా? చెయ్యి దానంతట అదే లేస్తుంది. నడినెత్తిన తడుతుంది. ఎంతమంది పిల్లల నెత్తిన తట్టానో నేను. చేలగట్ల మీద, గంజి దగ్గర, ఎవరి పిల్ల అని చూడకుండా తట్టాను. చేతికి నియమాలు తెలియవు. అది లేచింది. కుడి చెయ్యి కాదు. దగ్గు విన్న వైపు చెయ్యి.

అరచేతి కింద నెత్తి తగిలింది. నూనె పెట్టి నున్నగా దువ్విన నెత్తి. మధ్యలో పాపిడి. తట్టాను. నోటికి అలవాటైన మాట కూడా వచ్చేసింది. గుసగుసగానే అన్నాను.

"ఎవరో తలుచుకుంటున్నారులే తల్లీ..."

దగ్గు ఆగింది.

ముందు నుంచి క్రిస్టీనా గారి గొంతు కూడా ఆగింది. ప్రార్థన మధ్యలో ఆగింది.

"ఎవరు?" అంది నా పక్కన.

బట్ట నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ మాట. దాన్ని ఏ పక్క కూర్చోబెట్టుకున్నానో ఆ క్షణాన మర్చిపోయి, రెబ్కానే ఓణీ నోట్లో పెట్టుకుని అడుగుతోందనుకున్నాను. దానికి ధైర్యం చెప్పాలనుకున్నాను.

"ఇంకెవరు, నేనే. నేనే తలుచుకుంటున్నా."

అప్పుడు కుడి పక్క నుంచి చల్లటి వేళ్ళు నా మోచేతిని పట్టుకున్నాయి. నా మనవరాలి వేళ్ళు నాకు తెలుసు.

"అమ్మమ్మా..." అంది రెబ్కా, ఏడుపు గొంతుతో. "నేను ఇటున్నాను."

నా ఎడమ చెయ్యి ఇంకా ఆ నెత్తి మీదే ఉంది.

తియ్యాలనుకున్నాను. చెయ్యి రాలేదు. నెత్తి నా అరచేతి కింద మెల్లగా తిరిగింది. పాపిడి పక్కకు జరిగింది... చెవి... చెంప. చెంప తడిగా ఉంది. మట్టికుండ అడుగు అంత చల్లగా ఉంది. నా అరచేతిలోకి ముఖం పెట్టుకుంది. పసిపిల్లలు నిద్రకు ముందు పెట్టుకుంటారే, అలాగ.

ఊపిరి తగల్లేదు.

"ఆమెన్" అన్నారు క్రిస్టీనా గారు. అరిచినట్టుగా అన్నారు.

హాలంతా దగ్గింది. రేకులు అదిరేలా దగ్గింది. తలుపు తెరుచుకుని ఏసోబు లాంతరు లోపలికొచ్చింది. కళ్ళు తెరిచాను. నా చెయ్యి గోడ మీద ఉంది. అరచెయ్యి కొబ్బరినూనె వాసన వేస్తోంది. గోడ మీద మరక లేదు. సున్నం కొత్తగా కొట్టినట్టు తెల్లగా ఉంది.

క్రిస్టీనా గారు పిల్లలందరినీ అన్నాలకు పంపించి, నన్నొక్కదాన్నే గదిలో కూర్చోబెట్టుకున్నారు. ఈసారి కూర్చున్నాను.

"దయామణి దాని పేరు" అన్నారు. "నా తరగతే. ఆయాసం ఉండేది. శ్రమదినాల్లో ఇలాంటి పొగ రోజే... నా పక్కన కూర్చుంది. దగ్గు మింగుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. కాసేపటికి వినపడ్డం మానేసింది. ఆగిందిలే అనుకున్నాను. కళ్ళు తెరవలేదు నేను. ఎవరమూ తెరవలేదు. ఆమెన్ అన్నాక అందరం దగ్గాం. అది గోడకు తల ఆనించి అలాగే కూర్చుని ఉంది."

"ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పారు?"

"మూర్ఛ అని చెప్పారట. వాళ్ళమ్మ కూలికి పిడుగురాళ్ళ బట్టీల వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఒక పిల్ల రెబ్కాలాగే తిరిగి చూసింది. మేం దాన్ని ఇంటికి పంపకుండా ఉంచాం. ఆ పిల్ల ఇప్పటికీ ఉందండి, వాళ్ళ ఊళ్ళో. మాట్లాడదు. దగ్గదు. నోట్లోంచి బట్ట తీస్తే ఏడుస్తుంది. అందుకే టీసీ రాశాను."

నేను నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను.

"మీరు చూడలేదు. తట్టారు" అన్నారామె. "ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. పక్కనే కూర్చున్నదాన్ని, నాకే తోచలేదు." టీసీ కాగితం చేతిలోకి తీసుకుని అన్నారు. "నేనే తలుచుకుంటున్నానని దానితో చెప్పారు కదా, నాకు వినపడింది. ఇక తలుచుకుంటూనే ఉండాలి. ఎవరు తలుచుకుంటే వాళ్ళ దగ్గర ఉంటుంది. మీరు మానేసిన రోజు తిరిగి ఈ గోడకే వస్తుంది."

టీసీ నా ముందే చింపేశారు. రెబ్కా బోర్డింగులోనే ఉండిపోయింది. నేను ఇంటికి బయల్దేరాను. ఏసోబు సైకిలు మీద దింపుతానన్నాడు. ఎక్కబోతే, వెనక సీటు వైపు చూసి, "వద్దులే అక్కా, నడిచిపోదాం" అన్నాడు. ఎందుకని అడగలేదు నేను. నా జీవితంలో అడగని "ఎందుకు" అదొక్కటే.

మా ఇంట్లో నా మంచం గోడ వైపు ఉంటుంది. వారం తిరక్కముందే అక్కడ నూనె మరక పడింది. కూర్చున్న పిల్ల తలంత ఎత్తులో. ఎప్పుడు పొలమారినా అక్కడే వినపడేది. గోడ వైపు చెయ్యి చాపి తట్టేదాన్ని. చూసేదాన్ని కాదు. "ఎవరో తలుచుకుంటున్నారులే" అనేదాన్ని. "ఎవరు?" అనేది. "నేనే" అనేదాన్ని. అప్పుడు నిద్రపోయేది. భయం పోయిందా అంటే, పోలేదు. ఆ "ఎవరు" విన్న ప్రతిసారీ నా వెన్ను మంచుగడ్డయ్యేది. కానీ రెబ్కా పదో తరగతి పాసైంది. టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. దాని చేతులు చూడండి, ఒక్క మచ్చ ఉండదు.

ఆ రెబ్కాకు ఉద్యోగం ఎక్కడ వచ్చిందో తెలుసా? ఆ బోర్డింగులోనే. వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పిల్లల్ని దగ్గనిస్తాను అమ్మమ్మా, నేనుంటే దగ్గనిస్తాను" అంది. నా మనవరాలు కదా. ఇప్పుడు సాయంత్రం ప్రార్థనలో, చివరి వరుసలో, గోడ పక్కన, పిల్లల్ని ఎవరినీ కూర్చోనివ్వకుండా అది కూర్చుంటోంది.

నాకేమో ఈమధ్య మరుపు వస్తోంది. పొయ్యి మీద ఏం పెట్టానో మర్చిపోతున్నాను. మొన్న ఒక రోజంతా ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. ఆ సాయంత్రం రెబ్కా సెల్లు నుంచి మా పక్కింటికి ఫోను చేసింది. మాట్లాడేటప్పుడు గొంతు బాగా తగ్గించింది.

"అమ్మమ్మా, దాన్ని తలుచుకున్నావా ఈరోజు?"

"ఏమే?"

"ఇక్కడి గోడ మీద మరక వచ్చింది."

అందుకే ఇది రాస్తున్నాను. మిమ్మల్ని భయపెట్టి సరదా తీర్చుకోవడానికి కాదు. రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగక్షరాలతో, వేళ్ళు సహకరించకపోయినా రాస్తున్నాను. దయామణి. రెండు జడలు, నీలం రిబ్బన్లు, నోటి నిండా ఓణీ. మిరప పొగలో దగ్గు మింగి చచ్చిపోయిన పిల్ల. ఇప్పుడు మీకు తెలుసు. ఇంతసేపూ మీరు దాన్ని తలుచుకుంటూనే చదివారు. నన్ను తిట్టుకోండి, పడతాను. నా మనవరాలి పక్కన అది కూర్చోకూడదు, అంతే.

ఇది సగం రాసి, మా వీధిలో సుభానీ అని కుర్రాడుంటే తప్పులు దిద్దమని ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం ఎండలో మంచం మీద వాలి ఉన్నాను. కునుకు పట్టింది. ఆ వేళ దాన్ని నేను తలుచుకోవడం లేదు, ఒట్టు. గోడ పక్కన పొలమారింది. చెయ్యి చాపి తట్టాను. "ఎవరో తలుచుకుంటున్నారులే" అన్నాను. "ఎవరు" అని అడుగుతుందని చూశాను.

అడగలేదు.

"కొత్తవాళ్ళు" అంది.

తలుపు గొళ్ళెం దానంతట అదే పైకి లేచింది. లేచి చూస్తే మా గోడ తెల్లగా ఉంది. రెబ్కాకు ఫోను చేయించాను. అక్కడి గోడా తెల్లగానే ఉందంది. సుభానీ ఇంటికి వెళ్ళి చూశాను. అక్కడా లేదు.

మరి మీరు కూర్చున్న చోట గోడ మీద, తలంత ఎత్తులో, ఆ నూనె మరక ఎప్పటి నుంచి ఉంది?